గొలుసు రంపం — తిన్నని కోత

రంపం మానవుని ప్రాచీన పనిముట్లలో ఒకటి. వడ్రంగి చేతిలోని చిన్న రంపమైనా, దుంగకు రెండు కొనల నుంచి ఇద్దరు మనుషులు లాగే పెద్ద కోత రంపమైనా, వాటి సూత్రం ఒక్కటే. గట్టి ఉక్కు పండ్లు వరుసగా కదులుతూ కర్రను కొద్దికొద్దిగా తొలగిస్తూ పోతాయి. చేతి రంపం ముందుకూ వెనుకకూ కదలవలెను. ప్రతిసారి ఆగి, దిశ మార్చుకోవలెను. పండ్లను ఒక గొలుసుకు అమర్చి, ఆ గొలుసును ఒకే దిశలో ఎడతెగకుండా తిప్పగలిగితే ఈ ఆలస్యం ఉండదు. గొలుసు రంపం పుట్టుకకు మూలం ఈ ఊహయే.

జర్మనీ దేశస్థుడైన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపాన్నీ, 1929లో పెట్రోలుతో నడిచే రంపాన్నీ తయారు చేశాడు. అవి ఇద్దరు మనుషులు కలిసి పట్టుకోవలసినంత బరువైనవి. నేడు అదే యంత్రాన్ని ఒక మనిషి చేతబట్టి పని చేయగలడు. సరుగుడు, జామాయిల్ తోటలలోను, కలప డిపోలలోను ఇది సామాన్యమైన పనిముట్టు అయినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరాన్ని దాటినప్పుడు అసంఖ్యాకంగా చెట్లు కూలి దారులకు అడ్డం పడినవి. అట్టి సమయాలలో దారి తెరుచుకొనుట ఈ రంపాల మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ రంపం వాడేవారు తరచు చెప్పే ఇబ్బంది ఒకటి ఉన్నది. దుంగ మీద రంపాన్ని నిటారుగా ఆనించినా, కోత కిందికి పోయేకొద్దీ ఒక పక్కకు వంగిపోతుంది. చివరకు చంద్రవంక ఆకారంలో కోత పడుతుంది. బార్ ఆ వంపులో ఇరుక్కొని కదలదు. పనివాడు బలంగా నొక్కుతాడు, పక్కకు మెలిపెడతాడు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది. చాలమంది కొత్త గొలుసు కొని వేస్తారు. కొంతకాలానికి మరల అదే వంకర. కారణం ఏమిటో తెలుసుకొనకుండా చేసిన మరమ్మతు ఇట్లే ఉంటుంది. కారణం తెలియవలెనంటే ముందుగా గొలుసు నిర్మాణం తెలియవలెను.

గొలుసు నిర్మాణం

గొలుసు రంపంలో కోతకు సంబంధించిన భాగాలు మూడు. మొదటిది ఇంజను తిప్పే పండ్ల చక్రం. రెండవది బార్ అని పిలువబడే పొడవైన ఉక్కు పలక. మూడవది ఆ రెండింటి చుట్టూ తిరిగే గొలుసు. బార్ పై అంచులోను, కింది అంచులోను సన్నని గాడి ఉంటుంది. పొలంలో కాలువకు ఇరువైపుల గట్లు ఉన్నట్లే ఈ గాడికి రెండు పక్కల రెండు సన్నని గట్లు ఉంటాయి. గొలుసు ఈ గట్ల మీద కూర్చుండి జారుతుంది.

గొలుసులోని లంకెలు మూడు రకాలు. నడిపే లంకెలకు కిందివైపు తోకలు ఉంటాయి. ఈ తోకలు గాడిలో దిగి, గొలుసు పక్కకు జారిపోకుండా కాపాడుతాయి. పండ్ల చక్రం గొలుసును లాగేది కూడా ఈ తోకలను పట్టుకొనియే. రెండవ రకం కట్టు లంకెలు. ఇవి మిగిలిన లంకెలను కలిపి ఉంచుతాయి. మూడవ రకం కోత పండ్లు. ఇవి ఒకటి ఎడమకు, తరువాతది కుడికి, మరల ఎడమకు, ఇట్లు మార్చి మార్చి అమర్చబడి ఉంటాయి.

ఒక్కొక్క కోత పన్నుకు రెండు భాగాలు. వెనుక భాగం కొక్కెం వలె వంగి ఉంటుంది. దాని పైరేకు కర్రను అడుగు నుంచి ఉలి వలె చెక్కి లేపుతుంది. పక్కరేకు కోత సందు గోడను తెగకోస్తుంది. ముందు భాగం చిన్న మొటిమ వలె ఉంటుంది. దీనిని లోతు గేజి అంటారు. ఇది కోయదు. పన్ను ఎంత లోతుకు దిగవలెనో నిర్ణయించుటయే దీని పని. లోతు గేజి శిఖరం పైరేకు మొన కంటె సాధారణంగా 0.65 మి.మీ. పల్లంగా ఉంటుంది. పన్ను ఒక్కసారి తీసే పెచ్చు మందం ఆ కొద్దిపాటి తేడా మీదనే ఆధారపడి ఉంటుంది.

ఇట్టి పన్ను రూపొందిన కథ ఆసక్తికరమైనది. పూర్వపు గొలుసులకు చేతి రంపం వలె నిలువు పండ్లు ఉండేవి. అవి కర్రను గీకేవే గాని చెక్కేవి కావు. త్వరగా మొద్దుబారేవి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో చెట్లు నరికే వృత్తిలో ఉన్న జోసెఫ్ కాక్స్ 1946లో ఒక మొద్దును తొలుస్తున్న పెంకు పురుగు డింభకాన్ని గమనించాడు. అది తన వంకర దవడలను కుడికీ ఎడమకూ కదిలిస్తూ, కర్ర నారకు అడ్డంగాను, నిలువుగాను కూడ సునాయాసంగా తొలుచుకొనిపోతున్నది. ఆ దవడల పోలికతోనే ఆయన ఎడమ పన్ను, కుడి పన్ను గల గొలుసును తయారు చేసి, 1947లో పోర్ట్‌లండ్ నగరంలో దాని అమ్మకం ప్రారంభించాడు. నేడు వాడుకలో ఉన్న గొలుసులు ఆ రూపానికి సంతతియే.

సెకనుకు ఎన్ని పండ్లు?

గొలుసు పరిమాణాన్ని పిచ్ అనే కొలతతో తెలుపుతారు. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరాన్ని కొలిచి, దానిలో సగం తీసుకొంటే పిచ్ వస్తుంది. 3/8 అంగుళం పిచ్ గల గొలుసును ఉదాహరణకు తీసుకొందాం. దానిలో ఒక నడిపే లంకె నుంచి తరువాతి నడిపే లంకెకు దూరం రెండు పిచ్‌లు, అనగా 19.05 మి.మీ. 72 నడిపే లంకెలు ఉన్న గొలుసు పొడవు సుమారు 1 మీ. 37 సెం.మీ. దానిలో 18 ఎడమ పండ్లు, 18 కుడి పండ్లు, మొత్తం 36 ఉంటాయి.

ఏడు పండ్ల చక్రం ఒక చుట్టు తిరిగితే గొలుసు 7 × 19.05, అనగా సుమారు 133 మి.మీ. కదులుతుంది. ఇంజను నిమిషానికి 9,000 చుట్లు, అనగా సెకనుకు 150 చుట్లు తిరిగితే గొలుసు వేగం సెకనుకు 20 మీటర్లు. ఇది గంటకు 72 కిలోమీటర్లకు సమానం. ఆ వేగంలో గొలుసు సెకనుకు 14 సార్లకు పైగా బార్‌ను చుట్టివస్తుంది. అనగా కర్రలోని ఒక బిందువు మీదుగా సెకనుకు 500 పైచిలుకు పండ్లు పోతాయి. ఒక్కొక్క పన్నులోని లోపం కంటికి కనపడనంత చిన్నదైనా, ఇన్ని వందల సార్లు కూడుకొన్నప్పుడు కోత ఏమవుతుందో ఊహించవచ్చును.

కోత ఎందుకు వంగుతుంది?

ఇద్దరు కూలీలు పక్కపక్కన నిలిచి ఒకే కాలువ తవ్వుతున్నారనుకొందాం. ఎడమవైపు మనిషి చేతిలో పదునైన పార, కుడివైపు మనిషి చేతిలో మొండి పార ఉంటే, ఎడమవైపు లోతు ఎక్కువవుతుంది. కాలువ అడుగు ఎడమకు వాలుతుంది. గొలుసు రంపంలో జరిగేది కూడ ఇదే. ఎడమ పండ్లు కోత సందు ఎడమ సగాన్నీ, కుడి పండ్లు కుడి సగాన్నీ తొలగిస్తాయి. రెండు వైపుల పని సమానంగా ఉన్నంతవరకు రంపం తిన్నగా దిగుతుంది. ఒక వైపు పండ్లు మొద్దుబారితే, పదునైన పండ్లు ఉన్న వైపునకు కోత మళ్ళుతుంది.

పదును ఒక్కటే చాలదు. పొడవు కూడ సమానంగా ఉండవలెను. పన్ను పైరేకు ముందు నుంచి వెనుకకు కొద్దిగా పల్లంగాను, కొద్దిగా ఇరుకుగాను తయారు చేయబడి ఉంటుంది. కనుక ఆకురాయితో సానపట్టినకొద్దీ పన్ను పొట్టిది అగుటయే గాక, ఎత్తులోను వెడల్పులోను తగ్గుతుంది. ఎడమ పండ్లను ఎక్కువగా, కుడి పండ్లను తక్కువగా అరగదీస్తే, ఎడమ పండ్లు పల్లమై తక్కువ లోతును, తక్కువ వెడల్పును కోస్తాయి. కోత పొడవైన కుడి పండ్ల వైపు వంగుతుంది. చాలమందికి కుడిచేతివాటం ఉండుట వలన ఒక వైపు పండ్లకు ఆకురాయి బాగుగా ఆనుతుంది, రెండవ వైపు సరిగా ఆనదు. శ్రద్ధగా సానపట్టేవారి గొలుసులో కూడ ఈ లోపం కనిపించుటకు ఇదే కారణం.

లోతు గేజిల విషయం కూడ ఇట్టిదే. ఒక వైపు గేజిలను ఎక్కువగా అరగదీస్తే ఆ వైపు పండ్లు లోతుగా దిగుతాయి. కోత అటు మళ్ళుతుంది.

ఇంతవరకు చెప్పినవి గొలుసులోని కారణాలు. బార్‌లోని కారణాలు వేరు. గాడికి రెండు పక్కల ఉన్న గట్లు సమానమైన ఎత్తులో ఉండవలెను. కుడి గట్టు అరిగి పల్లమైతే గొలుసు కుడికి వాలి కూర్చుంటుంది. వాలిన గొలుసు తిన్నగా కిందికి గాక, పల్లమైన గట్టు వైపునకు కోస్తుంది. గట్ల మధ్య దూరం 3 మి.మీ. అనుకొంటే, ఎత్తులో 0.15 మి.మీ. తేడా వచ్చినా వాలు 20కి 1 అవుతుంది. అడ్డు ఏమీ లేనిచో 30 సెం.మీ. మందం గల దుంగలో కోత ఒకటిన్నర సెంటీమీటరు పక్కకు పోగలదు. గాడిలో దిగిన తోకలు ఈ వాలును కొంత అడ్డుకొంటాయి. కాని గాడి కూడ అరిగి వెడల్పైతే ఆ అడ్డు కూడ పోతుంది. అప్పుడు గట్లు సమానంగా ఉన్నప్పటికీ గొలుసు ఇటూ అటూ ఊగుతుంది.

ఈ విషయాన్ని తరగతిలో చూపించుట సులభం. సమానమైన రెండు నోటు పుస్తకాలను కొద్ది సందుతో పక్కపక్కన ఉంచి, వాటి మీద అడ్డంగా ఒక అగ్గిపెట్టెను పెట్టి, దానిలో నిటారుగా ఒక పుల్లను గుచ్చవలెను. ఒక పుస్తకం కింద కొన్ని కాగితాలు ఉంచితే పుల్ల కొన రెండవ వైపునకు వాలుతుంది. కాగితాల మందం కొద్దిదే. కాని పుల్ల కొన కదలిక స్పష్టంగా కనిపిస్తుంది.

గొలుసా, బారా?

లోపం దేనిలో ఉన్నదో తెలుసుకొనుటకు చక్కని పరీక్ష ఒకటి ఉన్నది. ముందుగా కోత ఏ వైపునకు వంగుతున్నదో గుర్తించవలెను. తరువాత గొలుసును ముట్టకుండా, బార్‌ను మాత్రమే విప్పి తలకిందులు చేసి బిగించవలెను. అనగా కింది అంచు పైకి, పై అంచు కిందికి రావలెను. పళ్ళ మొనలు మాత్రం మునుపటి వలె పై అంచు మీద బార్ ముక్కు వైపునకే చూస్తూ ఉండవలెను. మరల అదే దుంగను కోసి చూడవలెను.

కోత మునుపటి వైపునకే, అంతే వంగినచో లోపం గొలుసులో ఉన్నదని భావించవచ్చును. వంపు తగ్గినా, పోయినా, వ్యతిరేక దిశకు మారినా లోపం బార్‌లో ఉన్నదని తెలుస్తుంది. ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, మిగిలినవాటిని స్థిరంగా ఉంచి, ఫలితాన్ని చూచుట శాస్త్ర ప్రయోగాలన్నిటికీ మూలసూత్రం. బార్‌ను తిప్పుతూ గొలుసును కూడ మార్చివేసినవానికి కోత బాగుపడవచ్చును గాని, ఎందుకు బాగుపడినదో తెలియదు.

అయితే లోపం రెండింటిలో ఉండుట కూడ సామాన్యమే. సమానంగా లేని గొలుసు ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతూ ఒక గట్టును ఎక్కువగా అరగదీస్తుంది. తరువాత గొలుసును ఎంత జాగ్రత్తగా సానపట్టినా, కొత్త గొలుసును వేసినా, అరిగిన గట్టు దానిని పక్కకు వాలుస్తుంది. వాలిన గొలుసు పండ్లు కూడ అసమానంగా అరుగుతాయి. ఇట్లు ఒక లోపం మరొక లోపానికి కారణమవుతుంది. కొత్త గొలుసు కొన్న కొద్దికాలానికే పాత వంకర తిరిగి వచ్చే రహస్యం ఇదే.

గొలుసు సంరక్షణ

పని ప్రారంభించే ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీయవలెను. బాటరీతో నడిచే రంపమైతే బాటరీని బయటకు తీయవలెను. చేతులకు తొడుగులు వేసుకొనవలెను. ఆగి ఉన్న గొలుసు కూడ చేతిని కోయగలదు.

సానపట్టుటకు గుండ్రని ఆకురాయి కావలెను. దాని వ్యాసం గొలుసు పిచ్‌ను బట్టి ఉంటుంది. 0.325 అంగుళం పిచ్‌కు 4.8 మి.మీ., 3/8 అంగుళం పిచ్‌కు 5.2 లేక 5.5 మి.మీ. ఆకురాయి వాడుకలో ఉన్నది. చిన్న రంపాలకు వేసే సన్నరకం 3/8 గొలుసుకు 4 మి.మీ. సరిపోతుంది. ఆకురాయిలో సుమారు ఐదవ వంతు పైరేకు కంటె పైకి కనిపిస్తూ ఉండవలెను. చాల గొలుసులకు బార్‌కు లంబంగా గీచిన రేఖ నుంచి 30 డిగ్రీల కోణం పనికివస్తుంది. ఖచ్చితమైన కోణాన్ని ఆ గొలుసు తయారీదారు ఇచ్చిన పట్టికలో చూచుకొనవలెను. ఆకురాయిని పన్ను లోపలి నుంచి బయటికి మాత్రమే నెట్టవలెను. వెనుకకు తెచ్చేటప్పుడు ఎత్తివేయవలెను.

సమానత్వం సాధించుటకు ఒక పద్ధతి ఉన్నది. గొలుసులోని పండ్లన్నిటిలో మిక్కిలి పొట్టిదానిని వెదకి, దానికి సుద్దతో గుర్తు పెట్టవలెను. దాని పైరేకు పొడవును కాలిపర్స్‌తో కొలిచి, మిగిలిన పండ్లన్నిటినీ ఆ పొడవుకు తీసుకొనిరావలెను. ఒక వైపు పండ్లన్నీ పూర్తి చేసి, తరువాత రెండవ వైపు మొదలుపెట్టవలెను. ఆకురాయి దెబ్బలు లెక్కపెట్టుట మంచిదే. కాని బలహీనమైన చేతివాటున కొట్టిన మూడు దెబ్బలు, బలమైన వాటున కొట్టిన మూడు దెబ్బలతో సమానం కావు. కనుక లెక్క కంటె కొలతను నమ్మవలెను.

పన్ను పల్లమైనకొద్దీ లోతు గేజికి, పైరేకుకు మధ్య తేడా తగ్గిపోతుంది. అప్పుడు పన్ను పదునుగా ఉన్నా కర్రలోకి దిగదు. కనుక కొన్నిసార్లు సానపట్టిన తరువాత గేజి పలకను గొలుసు మీద ఉంచి, పైకి పొడుచుకొని వచ్చిన లోతు గేజి భాగాన్ని చదునైన ఆకురాయితో అరగదీయవలెను. ముందు మూలను మునుపటి వలె గుండ్రంగా చేయవలెను. ఉరువడిగా కోయవలెననే ఆశతో గేజిలను మరీ తగ్గించరాదు. పన్ను మితిమీరిన లోతుకు దిగి కర్రను పట్టుకొంటుంది. బార్ ముక్కు పైభాగం కర్రకు తగిలినప్పుడు రంపం ఎగిరి పనివాని మీదికి వచ్చే ప్రమాదం ఇందువలన పెరుగుతుంది.

గొలుసు బిగింపు కూడ ముఖ్యమే. బార్ ముక్కును పైకి ఎత్తి పట్టుకొని బిగించవలెను. బిగించిన గొలుసు బార్ కింది అంచును ఆనుకొని ఉండవలెను, అయినను చేతితో లాగితే సులభంగా జరగవలెను. ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. 1.37 మీ. పొడవు గల గొలుసు ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే సుమారు 1.6 మి.మీ. సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడు బిగించిన గొలుసు చల్లారి సంకోచించి, ఇరుసును, బేరింగులను లాగుతుంది. కనుక వేడిలో బిగించవలసివస్తే పని ముగిసిన వెంటనే వదులు చేయవలెను.

బార్ సంరక్షణ

బార్‌ను విప్పినప్పుడల్లా గాడిలో పేరుకొన్న పొట్టును, నూనె మడ్డిని సన్నని రేకుతో గీకి తీయవలెను. నూనె వచ్చే రంధ్రాన్ని తీగతో శుభ్రం చేయవలెను. నూనె చేరని గట్లు వేడెక్కి త్వరగా అరుగుతాయి. లేతరంగు గల మొద్దుకు కొద్ది దూరంలో బార్ ముక్కును పట్టుకొని ఇంజను వేగం పెంచితే మొద్దు మీద సన్నని నూనె చార పడవలెను. చార పడకపోతే నూనె గొలుసుకు అందుట లేదన్నమాట.

గట్ల అంచుల మీద ఉక్కు నలిగి పక్కకు పొడుచుకొనివచ్చిన చీలికలు వేలికి తగులుతాయి. వాటిని చదునైన ఆకురాయితో తీసివేయవలెను. తరువాత గట్ల ఎత్తును పరీక్షించవలెను. బార్‌ను ఒక అద్దపు పలక మీద అంచు కిందికి వచ్చేటట్లు నిలిపి, పక్కన మూలమట్టం ఆనించవలెను. బార్ మూలమట్టానికి సరిగా ఆనితే గట్లు సమానం. సందు కనిపిస్తే ఒక గట్టు పల్లమైనదని అర్థం. అప్పుడు ఆకురాయిని 90 డిగ్రీలలో పట్టి ఉంచే చట్రంతో ఎత్తైన గట్టును తగ్గించి సమం చేయవలెను.

గాడి వెడల్పును పరీక్షించుటకు గొలుసును బార్ మీదనే ఉంచి, తిన్నని స్కేలును బార్ పక్కకు, ఒక కోత పన్నుకు తగిలేటట్లు పెట్టవలెను. బార్‌కు, స్కేలుకు మధ్య కొద్దిగా సందు ఉండుట సరియైనది. గొలుసు ఒరిగిపోయి సందు లేకుండా పోతే గాడి అరిగినదని గ్రహించవలెను. గట్లను తగ్గించినకొద్దీ గాడి లోతు కూడ తగ్గుతుంది. నడిపే లంకెల తోకలు గాడి అడుగుకు తగిలే స్థితి వస్తే ఆ బార్‌ను మార్చవలసినదే.

ఎక్కువ కోత కింది అంచుతోనే జరుగుతుంది కనుక ఆ అంచు ముందుగా అరుగుతుంది. గొలుసును సానపట్టిన ప్రతిసారి బార్‌ను తలకిందులు చేస్తే రెండు అంచులు సమానంగా అరిగి బార్ ఎక్కువ కాలం మన్నుతుంది. పండ్ల చక్రాన్ని కూడ మరువరాదు. దాని మీద అరమిల్లీమీటరుకు మించి లోతైన గుంటలు పడితే కొత్త గొలుసు కూడ దానివలన పాడవుతుంది.

కర్ర చెప్పే సాక్ష్యం

రంపం స్థితిని తెలుసుకొనుటకు దాని కింద రాలినదానిని చూస్తే చాలు. పదునైన గొలుసు అడ్డకోతలో దళసరి పెచ్చులను రాలుస్తుంది. మొద్దుబారిన గొలుసు పిండి వంటి పొట్టును రాలుస్తుంది. రంపాన్ని నొక్కవలసివచ్చుట రెండవ గుర్తు. సరియైన గొలుసు తన బరువుతోనే కర్రలోకి దిగుతుంది. కోత వంగుట మూడవ గుర్తు.

ఈ గుర్తులు కనిపించినప్పుడు పని ఆపవలెను. నిలిచి ఉన్న చెట్టును నరికేటప్పుడు కోత ఎక్కడ ఆగవలెనో, ఎంత కర్ర మిగలవలెనో ముందుగా నిర్ణయించుకొంటారు. చెట్టు ఏ దిక్కుకు ఒరగవలెనో ఆ మిగిలిన కర్రయే నిర్ణయిస్తుంది. కోత తెలియకుండా వంగితే ఆ లెక్క తప్పుతుంది. చెట్టు అనుకోని దిక్కుకు పడవచ్చును. దానిని ఆపుట ఎవరి తరమూ కాదు. గట్టు మీద తరిగిన మిల్లీమీటరులో పదో వంతును పట్టుకొనుటకు ఒక మూలమట్టం, ఒక ఆకురాయి, అరగంట ఓపిక చాలును.